గృహమునందొక పఠనమందిరము

(వార్షిక మహాసభలో గావించిన ఉపన్యాస పాఠము)



ఈ సభయందు విద్యను గూర్చి ముచ్చటించుట మనకు క్రొత్త గాదు. విద్యార్థివేతనములు, వసతిగృహములు, పారితోషికములు మొదలగువానిని గూర్చి ఏటేట తీర్మానములు గావించుచునే యున్నాము. దాతలు ధారాళముగ నిచ్చుచున్నారు. అందులకు సంఘమెల్లయు వారికి ఋణపడియున్నది. కాని వేతన మందుకొన్న బాలిక ఆ సాయంకాలము ఇంటికి బోయి ఎచట కూర్చుండి చదువుకొనునో మనలో నెందరము విచారించితిమి? ముందుగదిలో టెలివిజను మ్రోగుచుండును. పడకగదిలో పసివారు నిద్రించుచుందురు. వంటయింటి గడపకడ, పప్పుడుకులోపల దొరకిన వ్యవధిలో, ఆమె పుస్తకము విప్పును. ఆ యింటనే యొక గది తలుపు మూయబడి యుండును. నేడు నేను ఆ మూసిన గదిని గూర్చి విన్నవింపదలచితిని.

ఇట్టి గది మనలో ననేకుల యిండ్లలో గలదు. పల్లెలో నది ఒకప్పటి ధాన్యపుగది. పట్టణమున మేడమెట్ల క్రింది మూలగది. అంతస్తుల భవనములలో వంటయింటి ప్రక్కనుండు ఇరుకు గది. పొడవెక్కువ, వెడల్పు తక్కువ. మంచము పట్టదు, చుట్టములకు చాలదు. కనుక విరిగిన కుర్చీలు, పాత పరుపులు, పెండ్లిండ్లకు మాత్రమే దించు గుండిగలు అందు జేరును. గుండిగలకు గది దొరకినది, చదువునకు దొరకలేదు.

ఇల్లు గ్రంథాలయమునకు పుట్టినిల్లగుట మనయందు అపూర్వము గాదు. హైదరాబాదునందలి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో రావిచెట్టు రంగారావుగారి నివాసముననే ప్రారంభమయ్యెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు ప్రథమ మహాసభ జరిపిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు తమ జీవితమును ధారవోసిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథములను ఊరూర త్రిప్పించిరి. పడవలో నిమిడిన సరస్వతి మన మూలగదిలో నిముడదా?

ఇక కార్యక్రమమును చెప్పెదను. మొదట గదిని పూర్తిగ ఖాళీ చేయవలయును. సగము సామాను ఒకమూలకు నెట్టినచో నెల తిరుగక మునుపే తక్కిన సగమును చేరును. పిదప గోడల మొదళ్లను, తలుపు చట్రమును పరీక్షించి చెదల మట్టిచారలు గలవేమో చూడుడు. గోడకు తేమ గలదని శంక గలిగినచో ఒక జానెడు ప్లాస్టికు కాగితమును అంచులు విడువక అతికించి రెండు దినము లుంచుడు. గోడవైపున చెమ్మ కనబడినచో అది గోడలోనుండి వచ్చుచున్నదని తెలియును. గదివైపున కనబడినచో గాలియందలి తేమ యని తెలియును. మొదటిదానికి కారుచున్న గొట్టమును, పగిలిన చూరును బాగుచేయవలయును. రెండవదానికి గాలి యాడు దారి కల్పింపవలయును. తడిగోడపై రంగు పూయుట రోగమును దుప్పటితో కప్పుటయే.

గోడలకు తెల్లని సున్నమో, లేతరంగో వేసినచో చిన్న కిటికీనుండి వచ్చు వెలుగైనను గదియంతయు పరచుకొనును. వ్రాతబల్లను కిటికీ ఎడమప్రక్కన వచ్చునట్లు వేయుడు. కుడిచేత వ్రాయువారికి చేతినీడ కాగితముపై బడదు. ఎడమచేత వ్రాయు పిల్లలకు దీనిని మార్పవలయును. పడమటి గదియైనచో మధ్యాహ్నపుటెండకు వెదురుతడిక గట్టుడు. వట్టివేళ్ళ తట్టి చల్లనిదే గాని, దాని తడి పుస్తకములకు శత్రువు. రాత్రివేళ 9 వాట్ల ఎల్‌ఇడి దీపము, పూర్వపు 60 వాట్ల బల్బునకు ఇంచుమించు సమానమైన వెలుగునిచ్చును. పసుపుచాయ గల వెలుగు కంటికి హాయి.

ఇరుకుగదిలో అలమరలను ఒక పొడవు గోడకు మాత్రమే యమర్పవలయును. 10 అంగుళముల లోతు చాలును. గోడకు రెండంగుళములు, నేలకు ఆరంగుళములు ఎడముంచినచో గాలి యాడును. చెదలును ముందుగ కంటబడును. మూడడుగుల పలకపై పుస్తకములు నిండినచో సుమారు 30 కిలోల బరువుండును. కనుక పలుచని పలక వంగును. రెండున్నర అడుగుల కొక ఊత యుంచుడు. వేపాకు, వసకొమ్ము మన పెద్దలు వాడినవే. కలరాయుండలు గాలిలేని గదిలో వలదు; ఆ వాసన పసివారి కపాయకరము.

కుర్చీ పట్టని చోట చింతింపబనిలేదు. మేడమెట్ల క్రింద పైకప్పు వంగియుండు భాగమున చాప, దిండు పరచి యొక వ్యాసపీఠ ముంచుడు. మన పూర్వులు నేలపై కూర్చుండియే భారత భాగవతములను పఠించిరి. చూపు మందగించిన తాతగారికి, నాయనమ్మగారికి పిల్లలు బిగ్గరగ చదివి వినిపించుటకు ఆ చాపయే తగిన స్థలము. అట్లు వినిపించు పిల్లలకు ఉచ్చారణము కుదురును. వృద్ధులకు తోడు దొరకును.

సమస్త గ్రంథములును చేతిలోని ఫోనునందే యుండగా గది యెందులకని కొంద రందురు. గ్రంథము ఫోనులో దొరకవచ్చును. ఒక గంటసేపు ఎవ్వరును పిలువని నెమ్మది అందు దొరకదు. ఆ నెమ్మది ఇంటి మగవారికి వీధియరుగుపైనను, క్లబ్బునందైనను లభించును. ఇంటికోడలికి, ఎదిగిన కూతునకు ఎచట లభించును? కావున ఈ గది యజమానుని కార్యాలయముగా మారరాదు. దాని తాళపుచెవి ఆడుబిడ్డల చేత నుండవలయును. ఆమె లోపల కూర్చున్న గంటసేపు కాఫీకొరకు పిలువకుండుట మన మీయదగిన మొదటి చందా. ధనవంతులకును పేదలకును ఇది సమానముగ సాధ్యము. ప్రత్యేకమైన గది లేనివారు తెర గట్టిన మూలయందైనను ఈ నియమమును పాటింపవచ్చును.

మహాజనులకు నా మనవులు మూడు. రాబోవు నవరాత్రులలో మూలా నక్షత్రమునాడు సరస్వతీపూజ మనయిండ్లలో జరుగును. ఆ దినమునకు మూసినగది తెరచి, పూజించిన పుస్తకములను అందు చేర్చుడు. సభలలో సన్మానములకు శాలువలకు మారుగ గ్రంథముల నిండు. ఒక్కొక్క వీధిలో నొక యెరువు పుస్తకము నుంచి, ఇరుగుపొరుగు పిల్లలకు గ్రంథములు తీసికొనిపోవు స్వేచ్ఛ కల్పింపుడు. ఆ పిల్లల కుల మడుగవలదు.

వచ్చు సంవత్సరము మన మిచట కలిసికొనునప్పుడు ఎన్ని వేతనము లిచ్చితిమో కార్యదర్శిగారు చదివెదరు. వానితోబాటు ఎన్ని గదుల తలుపులు తెరచితిమో చదువు భాగ్యము వారికి గలుగజేయుడని ప్రార్థించుచున్నాను.