విత్తనం వెనక మనుషులు
(సంఘం జిల్లా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 23న రైతు దినోత్సవం సందర్భంగా వ్యవసాయ శాస్త్రవేత్తలను మన సంఘం తరఫున సన్మానించాలన్న ప్రతిపాదన ఈ రోజు మన ముందుంది. పొద్దున టీ తాగేటప్పుడు ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "పెద్దాయనా, ధాన్యానికి ధర లేదు, కౌలు రైతుకు అప్పు పుట్టడం లేదు, ఇప్పుడు మనకి శాలువాలు కప్పే పనేంటి?" ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పకుండా ఈ ప్రతిపాదనకు చేతులెత్తమని నేను అడగను.

ముందు మీలో ఎంతమంది బీపీటీ 5204 వేశారో చెప్పండి. దాదాపు అందరూ చేతులెత్తారు. సాంబమసూరి అన్నా, కర్నూలు మసూరి అన్నా అదే. 1986లో బాపట్ల పరిశోధన స్థానం నుంచి విడుదలైంది. దాని తాతముత్తాతలెవరో చూద్దాం. ఒకటి జీఈబీ 24. ఇది కోయంబత్తూరులో పాతకాలపు నాటు రకం నుంచి ఏరి తీసిన సన్నరకం, వందేళ్ల కిందటిది. రెండోది తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం, టీఎన్ 1. మూడోది మసూరి. కటక్‌లో మొదలైన సంకర కార్యక్రమంలో పుట్టి, 1965లో మలేషియాలో విడుదలై, తిరిగి మన దగ్గరికి వచ్చింది. మన అన్నం ముద్దలో ఇన్ని దేశాల చేతిపని ఉంది.

సంకరం చేయడమంటే ఏమిటో మన పిల్లలకు కూడా చెప్పాలి. వరి పువ్వులో ఆరు పుప్పొడి తిత్తులుంటాయి. పువ్వు విచ్చుకోకముందే గింజ కొసను కత్తిరించి, పట్టకారుతో ఆ ఆరింటినీ ఒక్కొక్కటిగా తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ పువ్వు తనంతట తానే కట్టేసుకుంటుంది, పని పాడైనట్టే. తర్వాత వెన్నుకు కాగితం సంచి తొడిగి, రెండో రకం పుప్పొడిని తెచ్చి దాని మీద దులపాలి. ఇంత చేస్తే వచ్చేది గుప్పెడు గింజలు. ఆ గింజల సంతానాన్ని ఏటా వేలమొక్కల్లో చూసుకుంటూ, పనికిరానివి పీకేస్తూ, ఏడెనిమిది తరాలు దాటాక గానీ నిలకడ రాదు. ఆ తర్వాత ఊరూరా పరీక్షలు. ఇరవైలలో పని మొదలుపెట్టిన మనిషి తన రకం పొలాల్లో పండటం చూసేసరికి తల నెరుస్తుంది.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మా చేలో సాంబమసూరి పొట్ట దశలో ఉంది. చూడముచ్చటగా ఉంది. మూడు రోజులు గాలీవానా కొట్టింది. ఆ తర్వాత ఆకు అంచులు పసుపెక్కాయి, వారంలో చేను ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఎండాకు తెగులు. నేనేం చేశాను? దుకాణానికి పరిగెత్తాను. ఆయన ఒక మందిచ్చాడు. తగ్గలేదు, ఇంకోటిచ్చాడు. చేను తేరుకోవాలని నేను మరో బస్తా యూరియా కూడా చల్లాను. నత్రజని ఎక్కువైతే ఆ తెగులు ఇంకా ముదురుతుందని అప్పుడు నాకు తెలియదు. ఆ ఏడాది తాలు గింజలే ఎక్కువ. దుకాణం అప్పు తీరడానికి రెండు పంటలు పట్టింది. అది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బని, వచ్చాక కుదిర్చే మందు లేదని, విత్తనంలోనే తట్టుకునే గుణం ఉండాలని తర్వాత తెలిసింది.

నేను ఆ అప్పులో ఉన్న రోజుల్లోనే ఆ పని హైదరాబాదులో జరుగుతోంది. సీసీఎంబీలో రమేష్ సొంటి గారు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో ఆర్.ఎం. సుందరం గారు, వారి సహచరులు కలిసి సాంబమసూరిలోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చారు. బయటి నుంచి కోసి అతికించలేదు. మామూలు సంకరం చేసి, ప్రతి తరంలోనూ ఏ మొక్కకు ఆ మూడూ వచ్చాయో ప్రయోగశాలలో గుర్తు పట్టి ఏరుకున్నారు. గింజ సన్నదనం, అన్నం రుచి పోకుండా కాపాడారు. 2008లో అది 'ఇంప్రూవ్డ్ సాంబమసూరి' పేరుతో బయటికొచ్చింది. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లు. ఎంచుకున్న సమస్య మాత్రం నా చేలోది, మీ చేలోది.

ఆ మూడు జన్యువుల్లో ఒకదాని కథ వినండి. అది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలోది. మాలి రైతుకు అదొక కలుపు మొక్క. దానికి తెగులు సోకదని కటక్‌లో కనిపెట్టారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థలో దాన్ని సాగు వరిలోకి దించారు. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రోనాల్డ్ గారి బృందం ఆ జన్యువును విడదీసి చూపింది. విశ్వవిద్యాలయం దాని మీద పేటెంటు తీసుకుంది. అప్పుడావిడ, ఈ పేటెంటు మీద డబ్బు వస్తే అందులో వాటా మొక్క ఇచ్చిన దేశాల విద్యార్థుల చదువుకు పోవాలని ఒక నిధి ఏర్పాటు చేయించారు. పేరూ పేటెంటూ తనదే అయినా, మూలం తనది కాదని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. సన్మానం చేయాల్సింది ఇలాంటి బుద్ధికి.

ఇంకో సంగతి. 1933 ఫిబ్రవరిలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పాడి రైతు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తాన్ని పాల క్యానులో పోసుకుని, బూజు పట్టిన ఎండుగడ్డితో సహా బండిలో వేసుకుని, మంచు తుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆయన వెతుక్కుంటూ వచ్చిన పశువైద్యుల కార్యాలయానికి ఆ రోజు సెలవు. తలుపు తెరిచి ఉన్న రసాయన శాస్త్రం ప్రయోగశాలలోకి వెళ్లాడు. అక్కడ కార్ల్ లింక్ అనే ప్రొఫెసరు ఉన్నాడు. ఆ రోజు ఆయన ఇవ్వగలిగింది ఒక్క సలహానే: ఆ గడ్డి పెట్టడం మానెయ్, పశువులకు రక్తం ఎక్కించు. రైతు వెళ్లిపోయాడు. ప్రొఫెసరు, ఆయన శిష్యులు మాత్రం ఆ క్యానును వదల్లేదు. ఆరేళ్లు పట్టింది బూజుగడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థాన్ని పట్టుకోవడానికి. దాని వంశంలో పుట్టిందే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చింది, తర్వాత గుండె జబ్బు రోగులకు మందైంది. మన గట్ల మీద ఎలుక బొరియల్లో పెట్టే బ్రోమాడియోలోన్ కూడా ఆ కుటుంబానిదే.

ఆ రైతు ఆ రోజు వెళ్లకపోతే? ఆ తలుపు మూసి ఉంటే? ఆ ప్రొఫెసరు "ఇది నా శాఖ కాదు" అని ఉంటే? విశ్వవిద్యాలయం గొప్పదనం ఆ తెరిచిన తలుపులో ఉంది. మన పరిశోధన స్థానాల తలుపులు తెరిచి ఉన్నాయా, లోపల మనిషి ఉన్నాడా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

సన్మానం పేరుతో మరొకరిని మరిచిపోకూడదు. మసూరి మన దేశానికి 1960ల చివర్లో వచ్చినప్పుడు గడ్డి పొడవని, పడిపోతుందని పరిశోధకులు పక్కన పెట్టారు. ఆంధ్రలో ఒక పరిశోధన క్షేత్రంలో కూలికి వెళ్లే మనిషి కాస్త విత్తనం ఇంటికి తెచ్చుకుని వేశాడని, అక్కడి నుంచి రైతు చేతి నుంచి రైతు చేతికి అది పాకిపోయిందని వ్యవసాయ పరిశోధనల మీద రాసిన పుస్తకాల్లో ఉంది. ఆ మసూరే తర్వాత మార్టేరు వారి స్వర్ణకు తల్లిదండ్రుల్లో ఒకటైంది. సాంబమసూరికీ అంతే. ఆ కూలీ పేరు ఎక్కడా రాయలేదు. పెద్ద చదువున్నవాళ్లు వద్దన్నది ఆ మనిషి కన్ను పట్టుకుంది. చదువును గౌరవిద్దాం, కానీ చదువు కూడా తప్పు చేస్తుందని, దాన్ని దిద్దింది ఒక కూలీ అని అదే వేదిక మీద చెబుదాం.

అలాగే గౌరవించడమంటే ప్రశ్నించకపోవడం కాదు. సాంబమసూరి అయిదు నెలల పంట, నీళ్లు చివరిదాకా కావాలి. అగ్గితెగులుకూ లొంగుతుంది. ఇంప్రూవ్డ్ రకం వచ్చిందన్న మాట నా చెవిన పడేసరికి చాలా ఏళ్లు గడిచాయి. చెప్పినవాడు అధికారి కాదు, పక్క మండలంలో మా వియ్యంకుడు. కనిపెట్టడం ఒక సగం, చేనుకు చేర్చడం రెండో సగం. రెండో సగం ఎందుకు కుంటుతోందో శాస్త్రవేత్తలనూ అడుగుదాం, ప్రభుత్వాన్నీ అడుగుదాం.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను. ధర లేనప్పుడు శాలువాలెందుకని కదా? 2024-25లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ ధాన్యానికి క్వింటాలుకు 2,300 రూపాయలు, గ్రేడ్ ఏ రకానికి 2,320. తేడా ఇరవై రూపాయలు. అన్నేళ్లు పట్టకారు పట్టుకుని ఒక శాస్త్రవేత్త సాధించిన సన్నదనానికి, అయిదు నెలలు చేను కాచిన రైతు కష్టానికి కలిపి కట్టిన విలువ అది. అదే బియ్యం పట్నం కొట్టులో ఏ ధరకు అమ్ముతున్నారో మీకు తెలుసు. అంటే శాస్త్రవేత్త కష్టాన్నీ మన కష్టాన్నీ మింగుతున్న నోరు ఒకటే. అందుకే మన ధర పోరాటం, ఈ సన్మానం వేరు వేరు పనులు కావంటున్నాను.

ఇంకొకటి గమనించండి. సాంబమసూరి చేసినవాళ్లు మన నుంచి రాయల్టీ అడగలేదు. అది ప్రజల డబ్బుతో ప్రజల కోసం చేసిన పని. మన పేటెంటు చట్టంలో విత్తనాలకు, మొక్కలకు పేటెంటు ఇవ్వరు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రక్షణ పొందిన రకం విత్తనాన్ని కూడా మనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు. ఈ హక్కు నిలవాలంటే ప్రభుత్వ పరిశోధన స్థానం నిలవాలి. అది చిక్కిపోతే ఏ విత్తనం వేయాలో, ఎంతకు కొనాలో కంపెనీ చెబుతుంది. అప్పుడు దాచుకోవడానికి మన గాదెలో మన విత్తనం ఉండదు.

కాబట్టి ప్రతిపాదనను నేను బలపరుస్తున్నాను, మూడు సవరణలతో. ఒకటి, మన జిల్లాలో ఎక్కువగా వేసే ప్రతి రకం వెనక ఎవరెవరు పనిచేశారో పరిశోధన స్థానాల రికార్డులు అడిగి తీసుకుందాం. శాస్త్రవేత్తల పేర్లతో పాటు క్షేత్ర సహాయకుల పేర్లు, నాట్లు వేసి కోతలు కోసిన కూలీల పేర్లు దొరికినంతవరకు సంఘం కార్యాలయం గోడ మీద రాయిద్దాం. రెండు, ఆ రోజు ఖాళీ పోస్టుల భర్తీకి, పరిశోధన నిధులకు, మూల విత్తనం సకాలంలో అందించడానికి తీర్మానం చేసి కలెక్టరు గారికి ఇద్దాం. మూడు, వచ్చిన శాస్త్రవేత్తలను వేదిక మీద గంట మించి కూర్చోబెట్టొద్దు. మధ్యాహ్నం నుంచి చేలలోకి తీసుకెళ్దాం. తెగులు పట్టిన మొక్కలు, చౌడు మట్టి, మొలకెత్తని విత్తనం, ఏది ఉంటే అది వాళ్ల చేతిలో పెడదాం.

శాలువా మడతపెట్టి బీరువాలో పెడతారు. ఆ మొక్కను మాత్రం వాళ్లు ప్రయోగశాలకు పట్టుకెళ్తారు. మన చేతనైన సన్మానం అది. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. పొద్దున నన్ను అడిగిన తమ్ముడూ, నువ్వు కూడా ఆలోచించుకునే ఎత్తు.