విజేత మీద పడిన నింద

క్రీడలలో గెలిచినవాని మీద నింద పడినప్పుడు మనం దానిని ఎట్లా వినాలి? ఓర్వలేనివారి మాట అని కొట్టివేయాలా? నిప్పు లేనిదే పొగ రాదని వెంటనే నమ్మాలా? ఈ రెండు దారులూ సులభమైనవే. రెండూ మనలను తప్పుదారి పట్టించగలవు. ఈ సంగతిని సైకిలు పందేల చరిత్ర చెప్పినంత స్పష్టంగా మరే క్రీడ చరిత్రా చెప్పదు. అందులోని కొన్ని ఘట్టాలను నేడు శ్రోతల ముందు ఉంచుతున్నాను.

ఈ కథ ముఖ్యంగా ఫ్రాన్సు దేశపు పర్వతాలలో నడిచినది. అయినా ఇందులోని తొలి పదార్థాలు మన తూర్పు కనుమలకు కొత్తవి కావు. మన అడవులలో ముష్టి చెట్టు పెరుగుతుంది. దాని గింజలు నాణేలవలె బల్లపరుపుగా, పట్టువంటి నూగుతో, బూడిదవన్నెలో ఉంటవి. గిరిజనులు వాటిని ఏరి ఎండబెట్టి అమ్ముతారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సేకరించే అటవీ ఫలసాయంలో చింతపండు, కొండచీపుళ్లతోపాటు ముష్టి గింజలు కూడ ఉన్నవి. ఆయుర్వేద వైద్యులు వాటిని శుద్ధిచేసి అతి స్వల్పమైన మోతాదులో మందుగా వాడుతారు. మోతాదు మీరితే కండరాలు కొయ్యబారి, ఊపిరాడక ప్రాణం పోతుంది. అందులోని విషం పేరు స్ట్రిక్నీన్.

ఆ కనుమలలోనే, అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాలలో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన మిరియపు తీగల నడుమ కాఫీ పండుతున్నది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. కాఫీలో నిద్రను పారద్రోలే గుణం కెఫీన్ అనే పదార్థానిది.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపా, అమెరికా ఖండాలలో ఆరేసి రోజులపాటు రాత్రింబవళ్లు సాగే సైకిలు పందేలు జరిగేవి. పోటీదారులకు అలసట తెలియకుండ కాఫీ, స్ట్రిక్నీన్, కొకైన్ ఇచ్చేవారు. అప్పుడు దానిని ఎవరూ దోషమనలేదు. 1904లో సెంట్ లూయీ ఒలింపిక్ మారథాన్‌లో థామస్ హిక్స్ అనే పరుగువీరునికి దారిలో స్ట్రిక్నీన్, కోడిగుడ్డు తెల్లసొన, బ్రాందీ పట్టించినారు. స్వర్ణపతకం అతనికే దక్కినది. అదే స్ట్రిక్నీన్ 2002లో మాంచెస్టరు కామన్వెల్త్ క్రీడలలో ఒక భారతీయ వెయిట్‌లిఫ్టరు నమూనాలో కనిపించినప్పుడు అతని పతకాలు పోయినవి. కెఫీన్ విషయం దీనికి విపర్యయం. మితిమీరి వాడితే దానిని చాలకాలం నేరంగానే పరిగణించినారు. 2004 జనవరి 1 నుంచి నిషేధపు జాబితాలోనుంచి దానిని తొలగించినారు.

దీనినిబట్టి ఒక విషయం గ్రహించవలసి ఉన్నది. ఏది తగును, ఏది తగదు అన్నది క్రీడాకారులందరూ కట్టుబడవలసిన ఒప్పందం. ఆ ఒప్పందం కాలాన్నిబట్టి మారవచ్చును. అందరితోపాటు దానికి తల ఒగ్గి, చాటున దానిని మీరడమే దోషం. దానివల్ల నష్టపోయేవాడు ఒప్పందాన్ని పాటించి ఓడిపోయిన పక్కవాడు.

అయితే ఇంతటి ప్రలోభం ఎందుకు? శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాటు మీదుగా అరకు వరకు సైకిలు తొక్కినవారికి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పనక్కరలేదు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఒక్క ఎక్కుడుకే కాళ్లు బరువెక్కి గుండె గొంతులో కొట్టుకుంటుంది. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో పోటీదారులు మూడు వారాలలో దాదాపు 3,400 కిలోమీటర్లు తొక్కుతారు. కొండదారులున్న రోజున ఒకటి దిగి మరొకటిగా మూడు నాలుగు కనుమలు దాటుతారు. ఎంతటి బలశాలికైనా రెండవ వారానికి దేహం ఎదురు తిరుగుతుంది.

1924లోనే పెలిసియే సోదరులు పందెం మధ్యలో విరమించుకొని, తమ సంచులలోని మందులను, మాత్రలను ఆల్బేర్ లోంద్ర్ అనే పత్రికా రచయితకు తీసి చూపించినారు. 1967 జూలై 13న టామ్ సింప్సన్ అనే ఆంగ్లేయుడు 1,900 మీటర్లకు పైబడిన వాంటూ పర్వతాన్ని ఎక్కుతూ, శిఖరం కనుచూపుమేరలో ఉండగా, కూలిపోయి మరణించినాడు. వయస్సు 29 సంవత్సరాలు. మండుటెండ, శ్రమ, వాటికి తోడు ఆంఫెటమిన్ అనే ఉత్తేజక ఔషధం అతనిని బలిగొన్నవి. ఆ పందెంలో మందుల పరీక్షలు అంతకు ముందు ఏడాదే ప్రవేశపెట్టినారు.

1980 దశకం చివర ఎరిత్రోపోయిటిన్ అనే ఔషధం వచ్చినది. దీనిని క్లుప్తంగా ఈ.పీ.ఓ. అంటారు. ఇది మన మూత్రపిండాలు సహజంగా విడుదల చేసే పదార్థమే. ఎముకల మూలుగలో ఎర్ర రక్తకణాలు పుట్టడానికి ఇది ప్రేరణ కలిగిస్తుంది. రెండువేల మీటర్లకు మించిన ఎత్తున కొన్ని వారాలు నివసిస్తే శరీరం దీనిని తనంతట తానే అధికంగా తయారు చేసుకుంటుంది. మన అరకు ఎత్తు అందుకు చాలదు. మూత్రపిండాలు చెడినవారి రక్తహీనతను పోగొట్టడానికి శాస్త్రజ్ఞులు దీనిని కృత్రిమంగా సిద్ధం చేసినారు. ఎందరో రోగులకు ఇది సంజీవని అయినది. కాని సైకిలు పందేలవారు వెంటనే దీనిని అందిపుచ్చుకున్నారు. ఎర్రకణాలు పెరిగితే ప్రాణవాయువు కండరాలకు ఎక్కువగా అందుతుంది. ఎక్కుడు తేలిక అవుతుంది. రక్తం చిక్కబడి గుండెకు కలిగే ప్రమాదాన్ని వారు లెక్కచేయలేదు.

2000 సంవత్సరం వరకు ఈ మందును పట్టుకొనే నమ్మకమైన పరీక్ష లేదు. 1997లో అంతర్జాతీయ సైకిలు సంఘం ఒక హద్దు గీచినది. పురుషుల రక్తంలో ఎర్రకణాల పాలు నూటికి 50 దాటితే ఆరోగ్య కారణంగా కొన్నాళ్లు పందెం మాన్పించేవారు. ఫలితమేమనగా, 50 దాటకుండ చూసుకోవడమే కొందరికి విద్య అయినది.

ఈ కాలంలోనే అమెరికాకు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ రంగం మీదికి వచ్చినాడు. 1996లో అతనికి క్యాన్సరు వ్యాధి సోకినది. ఊపిరితిత్తులకు, మెదడుకు కూడ పాకినది. చికిత్స పొంది కోలుకొని, 1999 మొదలు 2005 వరకు వరుసగా ఏడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచినాడు. మృత్యుముఖంనుంచి తిరిగివచ్చినవాని విజయాన్ని శంకించడానికి ఎవరికి నోరు వస్తుంది? లోకంలోని రోగులెందరికో అతని పేరు ధైర్యమైనది. ఆ మహిమే అతనికి కవచమైనది.

అయినా నింద మొదటి సంవత్సరమే పుట్టినది. 1999 పందెంలో అతని నమూనాలో కార్టికోస్టిరాయిడ్ జాడ కనిపించినది. జీను ఒరసిన పుండుకు రాసుకున్న లేపనం వల్ల వచ్చినదని వైద్యుని చీటీ చూపగా అధికారులు అంగీకరించినారు. ఆ చీటీని తరువాత పుట్టించి వెనుకటి తేదీ వేసినారని జట్టులో అంగమర్దనం చేసే ఎమ్మా ఒరైలీ చెప్పినది. ఆమె మాటలు 2004లో డేవిడ్ వాల్ష్, పియేర్ బాలెస్తే అనే పత్రికా రచయితలు వ్రాసిన గ్రంథంలో వెలువడినవి. 1996లో ఆసుపత్రి గదిలో, తాను మందులు వాడినట్లు అతడు వైద్యులతో చెప్పగా విన్నానని సహచరుని భార్య బెట్సీ ఆండ్రూ ప్రమాణపూర్వకంగా సాక్ష్యమిచ్చినది.

వారికి దక్కిన ప్రతిఫలం ఏమిటి? ఆర్మ్‌స్ట్రాంగ్ వారిని అసత్యవాదులన్నాడు. ఒరైలీ శీలాన్ని గురించి నీచంగా మాట్లాడినాడు. వాల్ష్ వ్రాసిన లండను పత్రిక మీద పరువునష్టం దావా వేసినాడు. ఆ పత్రిక 2006లో సొమ్ము చెల్లించి రాజీపడినది. ఎన్నో పరీక్షలు జరిగినా తాను ఒక్కసారీ పట్టుబడలేదన్న మాటనే అతడు పదే పదే చెప్పేవాడు. వినేవారికి అది తిరుగులేని వాదమనిపించేది.

ఆ వాదంలోని లోపాన్ని మనం గుర్తించవలసి ఉన్నది. వల కన్నుల కంటె చేప చిన్నదైతే వల ఖాళీగానే పైకి వస్తుంది. అంతమాత్రాన చెరువులో చేపలు లేవనరాదు. పరీక్షలో దొరకకపోవడం నిర్దోషిత్వానికి ఒక సూచన కావచ్చును గాని, సంపూర్ణమైన రుజువు కాజాలదు.

2010లో ఫ్లాయిడ్ లాండిస్ అనే పాత సహచరుడు గుట్టు విప్పినాడు. అతడు 2006లో టూర్ గెలిచి, టెస్టోస్టెరాన్ బయటపడి ఆ బిరుదు పోగొట్టుకున్నవాడు. తానే దోషి అయినవాని మాటకు విలువేమిటని పలువురు ఈసడించినారు. కాని ఆ మాట విచారణకు దారి తీసినది. 2012 అక్టోబరులో అమెరికా దేశపు నిషిద్ధౌషధ నిరోధక సంస్థ వెయ్యి పుటలకు మించిన సాక్ష్యాన్ని వెల్లడించినది. 26 మంది వాఙ్మూలమిచ్చినారు. వారిలో 11 మంది అతని జట్టువారు. ఎందరో తాము కూడ మందులు వాడినట్లు ఒప్పుకొని సాక్ష్యమిచ్చినారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్లు, ఆ రహస్యం ఒక్కనిది కాదు. వైద్యులు, శిక్షకులు, జట్టు నిర్వాహకులు అందరూ అందులో పాలివారే. ఆ నెల 22న అంతర్జాతీయ సంఘం అతని ఏడు బిరుదులను రద్దుచేసినది. ఆ ఏడు సంవత్సరాలకు విజేత పేరు లేకుండ ఖాళీగా వదిలివేసినారు. 2013 జనవరిలో టెలివిజనులో అతడే తప్పు ఒప్పుకున్నాడు. అదే ఏడాది, లోగడ తనకు సొమ్ము చెల్లించిన పత్రికతో తానే రాజీపడవలసి వచ్చినది.

ఇంతవరకు విన్న శ్రోతలకు, నింద పడినవారందరూ దోషులేనన్న భావం కలగవచ్చును. కనుక రెండవ వైపు కూడ చూడాలి. 2017 సెప్టెంబరులో స్పెయిన్ దేశపు పందెం గెలిచిన క్రిస్ ఫ్రూమ్ నమూనాలో సాల్బుటమాల్ పరిమితిని మించి కనిపించినది. ఇది ఉబ్బసం రోగులు గొట్టంతో పీల్చే మామూలు మందు. ఫ్రూమ్‌కు ఉబ్బసం ఉన్నది. మిల్లీలీటరుకు 1,000 నానోగ్రాముల వరకు దీనికి అనుమతి ఉన్నది. నియమం ప్రకారం ఇటువంటి విషయాన్ని మొదట గోప్యంగా విచారించాలి. కాని డిసెంబరులో ఇది పత్రికలకు పొక్కినది. విచారణ పూర్తి కాకుండనే లోకం తీర్పు చెప్పివేసినది. 2018 జూలై 2న, నిపుణుల అభిప్రాయాలను పరిశీలించి, నియమోల్లంఘన లేదని అంతర్జాతీయ సంఘం విచారణను ముగించినది. అయినా ఆ వారంలోనే మొదలైన టూర్‌లో దారి పక్కనున్న జనం అతనిని ఎగతాళి చేసినారు. ఆర్మ్‌స్ట్రాంగ్ చేసిన మోసానికి అతని తరువాత వచ్చినవారు కూడ ఈ విధంగా మూల్యం చెల్లించినారు.

కనుక ఇటువంటి వార్త విన్నప్పుడు అది ఏ మెట్టు మీద ఉన్నదో మొదట తెలుసుకోవాలి. మొదటి మెట్టు వదంతి. రెండవది ప్రయోగశాల ఫలితం. క్రీడాకారుని మూత్రాన్ని రెండు సీసాలలో పోసి ముద్రవేస్తారు. మొదటి సీసాలో దోషం కనబడితే, రెండవదానిని తన ఎదుట పరీక్షించవలసినదిగా కోరే హక్కు అతనికి ఉన్నది. మూడవది అభియోగం, దానికి అతడు చెప్పుకొనే సమాధానం. నాలుగవది తీర్పు. మొదటి మెట్టు మీది మాటను నాలుగవ మెట్టు మీది మాటగా చెప్పడం అన్యాయం. విజేత కీర్తిని చూపి, సాక్ష్యమిచ్చినవారి నోరు నొక్కడం అంతకంటె తక్కువ అన్యాయం కాదు.

ఇది దూరదేశపు ముచ్చట అని ఉపేక్షించడానికి వీలులేదు. ప్రపంచ సంస్థ ప్రకటించిన లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 3,865 నమూనాలను పరీక్షించగా 125 నమూనాలలో నిషిద్ధ పదార్థాలు బయటపడినవి. అంటే నూటికి మూడుకు పైగా. రెండువేలకు మించి నమూనాలు పరీక్షించిన దేశాలలో ఇదే అత్యధికం. 2022లో పార్లమెంటు ఇందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టాన్నే చేసినది.

ఆ నమూనాల వెనుక ఉన్నవారందరూ కోటీశ్వరులైన విజేతలు కారు. ఒక పతకం వస్తే క్రీడాకారుల కోటాలో ఒక ఉద్యోగం వస్తుందని, ఇల్లు నిలబడుతుందని ఆశపడే పేదపిల్లలు ఎందరో ఉన్నారు. మన కొండల మీది ఆశ్రమ పాఠశాలలో పరుగు నేర్చిన బాలిక పట్నం చేరినప్పుడు, బలానికని ఎవరో ఒక పొడి చేతిలో పెడితే, కాదనే ధైర్యం ఆమెకు ఎక్కడిది? నియమం మాత్రం కఠినమైనది. శరీరంలో దొరికినదానికి ఆ శరీరం కలవారే బాధ్యులు. తెలియక తిన్నామంటే శిక్ష తగ్గవచ్చును గాని, పతకం నిలవదు. నాలుగేళ్లు నిషేధం పడితే పరుగెత్తే వయస్సు గడచిపోతుంది. పొడి ఇచ్చినవాని పేరు ఏ పత్రికలోను కనబడదు.

అందువల్ల క్రీడలలో పిల్లలున్న ఇండ్లవారికి ఒక విన్నపం. జలుబు మందుకైనా సరే, వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఇతడు పోటీలలో పాల్గొనే పిల్లవాడని ముందుగా చెప్పండి. ఆ చీటీ భద్రపరచండి. లోపల ఏమున్నదో సరిగా చెప్పలేని డబ్బాలోని పొడిని, ఎంతటి గురువు ఇచ్చినా, ఇంటికి రానీయకండి. అన్నిటికంటె ముఖ్యంగా, పిల్లవాడు వచ్చి, ఫలానావారు ఇది మింగమన్నారని భయపడుతూ చెప్పినప్పుడు కసరకండి. కూర్చోబెట్టి పూర్తిగా వినండి. ఎమ్మా ఒరైలీ మాటను తొలినాడే ఆదరంతో వినేవారు ఉండి ఉంటే, ఎందరో యువకులు ఆ సూదికి చేయి చాచవలసిన అగత్యం ఉండేది కాదు.