పంచరుకు అతుకా, కొత్త టైరా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను ఎత్తుకున్న సంగతి వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. వంటలూ, ఊరగాయలూ, పిల్లల చదువులూ వదిలిపెట్టి ఈవిడ మోటారు సైకిలు టైరు గురించి చెబుతుందేమిటి, అది మగవాళ్ళ వ్యవహారం కదా అనుకోవచ్చు. నిరుడు వేసవిదాకా నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఒక్కమాట ఆలోచించండి. బండి నడిపేది మావారైనా, మీ అబ్బాయైనా, "ఈ నెల కొత్త టైరు వేయిద్దామా, ఇంకో ప్యాచీతో సరిపెట్టుకుందామా" అన్న ప్రశ్న చివరకు వచ్చి ఆగేదెక్కడ? మన పోపులడబ్బా దగ్గర. జవాబు చెప్పేది మనం. వెనక సీటు మీద కూర్చునేదీ మనమే. సొంతంగా బండి నడుపుకునే చెల్లెళ్ళ సంగతి సరేసరి.

మా పుట్టినిల్లు తుమ్మలపల్లె. కడప జిల్లాలో, పులివెందులకు దగ్గరి ఊరు. 2012లో అక్కడ యురేనియం కర్మాగారం మొదలైంది గనుక పేపర్లో పేరు చూసే ఉంటారు. మాకు మాత్రం అది చీనీ తోటల ఊరు, ముళ్ళ ఊరు. పేరులోనే తుమ్మ ఉంది చూడండి! పాత నల్లతుమ్మకు తోడు ఇప్పుడు ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. మేం కంపచెట్టు అంటాం. అది మన దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండాలది. 1876లో బెడ్డోమ్ అనే అటవీ అధికారి, మెట్టనేలల్లో పెంచడానికి దాని విత్తనాలు తెప్పించమని మద్రాసు ప్రభుత్వానికి రాశాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే మా జిల్లాలో కమలాపురం దగ్గర నాటారు. పొయ్యిలోకి కట్టె దొరికింది, నిజమే. దాంతోపాటు దారి పొడుగునా ముల్లూ వచ్చింది.

మేం పులివెందులలో ఉంటాం. ఆదివారం ఆదివారం మా అమ్మను చూడటానికి మావారూ నేనూ బండి మీద తుమ్మలపల్లె వెళ్ళి వస్తుంటాం. మాది ట్యూబు టైర్ల పాత బండి. తోట దారిలో నెలకొక్క పంచరైనా తప్పదు. ఊరి మొదట్లో వేపచెట్టు కింద పంచర్లు వేసే అతను ఒకడున్నాడు. ముల్లు తీసి, ప్యాచీ వేసి పంపేవాడు. అదొక అలవాటైపోయింది.

నిరుడు ఏప్రిల్లో ఒకరోజు అలాగే వెనక టైరు కూర్చుంది. అతను టైరు విప్పి అటూ ఇటూ తిప్పి చూసి, మావారితో కాదు, నాతో అన్నాడు: "అక్కా, ముల్లు గుచ్చుకుంటే నేను అతికిస్తా. ఇది గుచ్చుకునింది గాదు, రాయికి కోసుకునింది. పక్కన తెగింది చూడు. ట్యూబుకైతే ప్యాచీ యేస్తా గానీ, టైరుకు నేనేం జేసేది? మార్చాల్సిందే."

చూశాను. గోరంత గాటు. నేలకు తగిలే చోట కాదు, టైరు పక్క భాగంలో. జూన్‌లో పిల్లల ఫీజులు కట్టాలి. కొత్త టైరూ ట్యూబూ అంటే రెండువేల పైమాట. "లోపల ఏదన్నా ముక్క పెట్టి కానీయప్పా, దసరాకు కొత్తది వేయిస్తాంలే" అన్నాను. అతను ఒకసారి మావారి మొహం చూశాడు. ఆయన నా మొహం చూశారు. పాత టైరు ముక్క కోసి లోపల పెట్టి బిగించాడు. నూటయాభై రూపాయలు ఇచ్చాను. రెండువేలు మిగిల్చానని ఇంటికొచ్చి సంబరపడ్డాను కూడాను!

మే నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి తిరిగి వస్తున్నాం. రోడ్డు పెనంలా కాలుతోంది. కల్వర్టు దగ్గర టపాకాయ పేలినట్టు చప్పుడైంది. బండి పాములా అటూ ఇటూ ఊగి పక్కకు పడిపోయింది. నాకు మోకాళ్ళూ మోచేతులూ గీరుకుపోయాయి. ఆయనకు భుజం దగ్గర ఎముక విరిగింది. వెనకాల లారీ లేదు గనుక ఇవాళ నేను మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నాను.

ఆరువారాలు ఆయన చెయ్యి పట్టీలో వేలాడింది. అన్నాళ్ళూ మా జిరాక్సు అంగడి సరిగ్గా తెరిచింది లేదు. ఎక్స్‌రేలూ, డాక్టరూ, మందులూ కలిపి పద్ధెనిమిది వేలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండింది.

కొత్త టైరు వేయించే రోజు నేనూ వెంట వెళ్ళాను. ఆ పంచరతని దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుని అన్నీ అడిగాను. ఆ తర్వాత మరో ఇద్దరు మెకానిక్కులను అడిగాను. టైరు మీద, బండితో వచ్చిన పుస్తకంలో ఏం రాసి ఉందో చదివాను. తెలుసుకున్నది ఇప్పుడు మీకు చెబుతాను.

మొదటిది. గాలి పోయిందని తెలియగానే దిగిపోవాలి. "పంచరు షాపు ఇక్కడే కదా" అని కూర్చునే వెళ్ళామంటే చక్రం ఇనుపచట్రానికీ రోడ్డుకూ మధ్య టైరు నలిగిపోతుంది, ట్యూబు చీలికలవుతుంది. వంద రూపాయల పని వేలలోకి వెళ్ళేది అక్కడే. నెట్టుకుంటూ పోవడమే మేలు.

రెండోది. కన్నం ఎక్కడ పడిందో చూడాలి. నేలకు తగిలే మధ్యభాగంలో ముల్లో మేకో దిగిందా, టైరుకు భయం లేదు, అతికించుకోవచ్చు. ఆ కన్నం 6 మిల్లీమీటర్లు, అంటే పిల్లలు రాసుకునే పెన్సిలు మందం, దాటకూడదు. పక్క భాగంలో తెగిందా, చిన్నదైనా సరే, ఆ టైరుకు సెలవు చెప్పవలసిందే. ఎందుకంటారా? టైరులో గాలిని పట్టి ఉంచేది పైకి కనిపించే రబ్బరు కాదు, దాని లోపల అల్లిన దారాల పొర. మధ్యభాగంలో రబ్బరు దళసరి. పక్కన పలచన. పైగా చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కభాగం వంగుతుంది, లేస్తుంది. దారాలు తెగిన చోట ఏ అతుకూ ఆ వంపులకు ఆగదు. పక్కన బుడిపెలాగా ఉబ్బినా అర్థం అదే: లోపల దారాలు తెగాయని.

మూడోది, ట్యూబు సంగతి. ఒకటి రెండు ప్యాచీలకు ట్యూబు చెడిపోదు. కానీ ప్యాచీ మీద ప్యాచీ పడుతున్నా, గాలి ఎక్కించే మూతి మొదట్లో చిరిగినా ట్యూబు మార్చేయండి. టైరుతో పోలిస్తే దాని ఖరీదు తక్కువే. కొత్త టైరు వేసినప్పుడు లోపల పాత ట్యూబు పెట్టించవద్దు. వాడి వాడి సాగిన ట్యూబు కొత్త టైరులో మడత పడుతుంది, ఆ మడత దగ్గరే చిరుగుతుంది.

నాలుగోది, టైరు వయసు. టైరు గాడుల్లోపల అక్కడక్కడ చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి. పైరబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మనవాళ్ళు "టైరు గుండయింది" అంటారే, అంతదాకా ఆగకూడదు. పక్కన నాలుగు అంకెలు కూడా అచ్చువేసి ఉంటాయి. 1519 అని ఉంటే 2019వ సంవత్సరం 15వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్ళు దాటిన టైరును ఏడాదికొకసారైనా తెలిసినవాళ్ళకు చూపించాలి. పదేళ్ళదైతే చూడటానికి బాగున్నా మార్చాలి. వాడకుండా ఎండలో నిలబెట్టిన బండికీ రబ్బరు ఎండి పగుళ్ళు వస్తాయి.

ఇక పంచరు వేసేటప్పుడు దగ్గర నిలబడి రెండు విషయాలు గమనించండి. ట్యూబును నీళ్ళలో ముంచి, బుడగలు వచ్చే చోటు గుర్తుపెట్టి, ఉప్పుకాగితంతో గీరి, సొల్యూషన్ పూస్తారు. అది వేలికి అంటనంతగా ఆరాకనే ప్యాచీ అతకాలి. తొందరపెట్టామంటే నాలుగు రోజులకు లేచిపోతుంది. రెండోది, టైరు లోపలివైపు చెయ్యి పెట్టి జాగ్రత్తగా తడిమి చూడమనండి. కంపముల్లు మొన విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది. దాన్ని తీయకపోతే అదే చోట రేపు మళ్ళీ పంచరు. "ఈ షాపువాడికి పని రాదు" అని మనం విసుక్కునేవాటిలో సగం ఆ ముల్లు మొన చేసిన పనే.

ఇప్పుడు చాలా బండ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు వస్తున్నాయి. వాటిలో మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, మెల్లగా దిగుతుంది. అందుకని దారిలో మేకు కనిపించినా మీరు పీకవద్దు. అది ఉన్నంతసేపూ అదే బిరడా. షాపులో బయటినుంచి దూర్చే రబ్బరుపట్టీ ఇల్లు చేరడానికి పనికొస్తుంది. నాలుగు కాలాలపాటు నిలవాలంటే టైరు విప్పించి లోపలినుంచి, పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచీ వేయించుకోవాలి. ముందు టైరు విషయంలో ఇంకా కచ్చితంగా ఉండండి. అది పేలితే హ్యాండిలు చేతిలో నిలవదు.

ఇవన్నీ గుర్తుండవేమో అనుకునేవారికి మనింట్లో ఉన్న సంగతే చెబుతాను. పాతచీరలతో బొంత కుడతాం కదా. చిరిగిన చోట అతుకు వేస్తాం. చుట్టూ గుడ్డ గట్టిగా ఉంటే ఆ అతుకు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గుడ్డే చివికిపోయి ఉంటే? సూది గుచ్చిన చోటల్లా చిరుగుతుంది. అతుకు మంచిదే, పట్టుకునేందుకు గుడ్డ లేదు. టైరూ అంతే. "అతుకు ఎంత, కొత్తది ఎంత" అని డబ్బు లెక్క చూసే ముందు, "అతుకు నిలవడానికి ఇందులో సత్తా ఉందా" అని చూడాలి. నేను ఆ రోజు చూడనిది అదే. చిన్నతనంనుంచీ దేన్నీ పారేయకుండా బాగుచేసుకుని వాడటం నేర్చుకున్నదాన్ని. ఆ గుణం మంచిదే, ఇప్పటికీ వదులుకోను. ఎక్కడ ఆగాలో తెలియకపోవడమే నా తప్పు.

మా ఇంట్లో ఇప్పుడు బండి పేరు మీద వేరే డబ్బా ఒకటి పెట్టాను. నెలకు వంద రూపాయలు అందులో పడతాయి. రెండేళ్ళు తిరిగేసరికి టైరు డబ్బు సిద్ధంగా ఉంటుంది, ఫీజుల నెలతో పోటీ ఉండదు. వారానికొకసారి, బండి తీయకముందు చల్లగా ఉన్నప్పుడే, గాలి చూపిస్తాం. గాలి తగ్గిన టైరు వంగి వంగి వేడెక్కుతుంది. మా సీమ ఎండలకు ఆ వేడి ఒకటి చాలు. ఇద్దరు ఎక్కినప్పుడు ఎంత గాలి ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది, చూసుకోండి.

తీసేసిన పాత టైరును భోగిమంటలో వేయకండి. ఆ నల్లటి పొగ పిల్లల ఊపిరితిత్తులకు విషం. మిద్దె మీద పడేసినా అందులో వాననీళ్ళు నిలిచి డెంగ్యూ దోమలు పెరుగుతాయి. కొత్తది కొన్న చోటే పాతది ఇచ్చేయండి.

నిన్న ఆదివారం మళ్ళీ తుమ్మలపల్లె వెళ్ళాం. తోటదారిలో మళ్ళీ ముల్లు! వేపచెట్టు కింద అతను టైరు విప్పి చూసి, "మధ్యలోనే దిగిందక్కా, టైరు బాగుండాది, అతికిస్తా" అన్నాడు. అయినా నేను వంగి, కన్నం ఎక్కడుందో నా కళ్ళతో చూసుకుని, అప్పుడు "సరేనప్పా, వెయ్యి" అన్నాను.

ఈసారి మీ ఇంటి బండికి పంచరైనప్పుడు, ఎంతవుతుందని అడిగే ముందు ఎక్కడయిందో చూస్తారు కదూ? సెలవు.