చక్కెర పద్దు – క్రొవ్వు పద్దు



మధుమేహమును, మేదస్సును మన పూర్వులు సంబంధము లేనివిగా చూడలేదు. చరకాచార్యుడు ప్రమేహమున చెడిపోవు ధాతువులలో మేదస్సును చేర్చెను. అతిస్థూలుని నిందితులైన ఎనమండుగురిలో లెక్కించెను. నేటి వైద్యమును ఈ బాంధవ్యమును అంగీకరించుచున్నది. అయితే బంధువులైనంత మాత్రమున ఇద్దరి అప్పు ఒక్కటి కాదు. చక్కెర పద్దున జమ చేసిన పైకము క్రొవ్వు పద్దున చెల్లు పడదు. ఈ సంగతి తెలియక, చక్కెర తగ్గినదని, ఒడలు తేలికపడినదని కొలెస్టరాల్ మాత్ర మానివేయువారు కలరు. అందలి ప్రమాదమును తెలుపుటయే ఈ ప్రసంగ ప్రయోజనము.

రక్తపరీక్ష కాగితమున క్రొవ్వు పద్దులో ముఖ్యమైనవి మూడు వరుసలు. ఎల్.డి.ఎల్. అనునది రక్తనాళముల గోడలలో పేరుకొని గుండెపోటునకు దారితీయు చెడ్డ కొలెస్టరాల్. హెచ్.డి.ఎల్. మంచిదని పేరుపొందినది. మూడవది ట్రైగ్లిసరైడ్లు. మధుమేహులలో ఇవి పెరుగుట, మంచి కొలెస్టరాల్ తగ్గుట పరిపాటి.

చక్కెర మందులు ఈ మూడు వరుసలను ఒక్కతీరున దిద్దవు. మెట్‌ఫార్మిన్ ఎల్.డి.ఎల్.ను కొంచెము తగ్గించును. పయోగ్లిటజోన్ ట్రైగ్లిసరైడ్లను తగ్గించి హెచ్.డి.ఎల్.ను పెంచును, అదే జాతి మందగు రోసిగ్లిటజోన్ ఎల్.డి.ఎల్.ను గూడ పెంచెను. గుండెకు హానికరమన్న శంకచే 2010లో మన దేశమున అది నిషేధింపబడినది.

రెండు పద్దులను ఒక్క మాత్రతో తీర్చవలెనన్న సాహసమున మన గుంటూరు సీమకును భాగము కలదు. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట జన్మించి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివిన డాక్టరు కల్లం అంజిరెడ్డిగారు 1984లో హైదరాబాదున డాక్టర్ రెడ్డీస్ సంస్థను, 1993లో దాని పరిశోధనాలయమును స్థాపించిరి. అచట రూపొందిన బాలాగ్లిటజోన్ అను మధుమేహ ఔషధమును 1997లో డెన్మార్కు దేశపు నోవో నార్డిస్క్ సంస్థ అభివృద్ధికై గైకొన్నది. మరుసటి యేట రాగాగ్లిటజార్‌ను గైకొన్నది. ఈ రెండవ మందు ఒకే చెవితో రెండు తాళములను తీయునట్టిది: ఒకటి తీయగా కణములు ఇన్సులిన్ మాట వినును, రెండవది తీయగా కాలేయము క్రొవ్వును దహించి ట్రైగ్లిసరైడ్లను తగ్గించును. కాని ఎలుకల మూత్రాశయములలో కంతులు కనబడుటచే 2002లో మనుష్యులపై పరీక్షలు నిలిపివేయబడినవి. ఆశ ఎంత గొప్పదైనను, ప్రాణభద్రత చూచి ఆగుటయే ధర్మము. ఆ జాతిదే యగు సారోగ్లిటజార్‌ను అహమ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ సాధింపగా, 2013లో మన దేశమున దానికి అనుమతి లభించినది. అంజిరెడ్డిగారు కీర్తిశేషులైనదియు ఆ యేటనే.

ఇక బరువు తగ్గించు సూదిమందుల సంగతి. నోవో నార్డిస్క్ వారి సెమాగ్లుటైడ్ ఆకలిని మందగింపజేసి, బరువును, చక్కెరను తగ్గించును. 2023లో ప్రకటింపబడిన పరీక్షలో మధుమేహము లేక, స్థూలకాయమును గుండె జబ్బును గల 17,604 మంది పాల్గొనిరి. మందు పొందినవారిలో ట్రైగ్లిసరైడ్లు సుమారు నూటికి 18 పాళ్లు తగ్గినవి, ఎల్.డి.ఎల్. మాత్రము సుమారు 5 పాళ్లే తగ్గినది. గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణము కలిపి నూటికి 20 పాళ్లు తగ్గినవి. ఇది ఘనమైన మేలే. కాని వారిలో అత్యధికులు స్టాటిన్ మాత్రలను గూడ వాడుచున్నవారే యని మరువరాదు. స్టాటిన్ ఎల్.డి.ఎల్.ను మూడవ వంతు మొదలు సగము వరకు తగ్గింపగలదు. అది చక్కెరను ఒకింత పెంచు మాట నిజమే; అయినను గుండెకు చేయు మేలు దానికంటె మిక్కిలి ఎక్కువ.

కావున సూదిమందు వచ్చినదని మాత్రను మానరాదు. వైద్యుడు చెప్పిన గడువున రెండు పద్దులను చూపించుకొనవలెను. ఏ మందును నిలుపవలసినను ఆయన సలహాతోనే నిలుపవలెను. మిరప చేనికి తామరపురుగు మందు చల్లి, బూడిద తెగులును తీరినదని ఇంటికి పోవు రైతు మన సీమలో లేడు. చేనిపట్ల చూపు ఆ వివేకమును దేహముపట్ల గూడ చూపిన చాలును.