పాట అక్కడే ఉంది, వెనక్కి తిప్పే బటన్‌కి తాళం పడింది!

ఈరోజు మనం మాట్లాడుకునేది మ్యూజిక్ యాప్‌ల గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, నిన్నటిదాకా ఫ్రీగా వాడిన ఫీచర్ తెల్లారేసరికి ప్రీమియం అయిపోతే వచ్చే కోపం గురించి.

2023 అక్టోబర్ గుర్తుందా? స్పాటిఫై ఇండియాలో ఫ్రీ యూజర్లకి కొన్ని కంట్రోల్స్ ఆపేసింది. నచ్చిన వరుసలో పాటలు వినడం, పాటని వెనక్కి జరపడం, ముందు పాటకి వెళ్లడం, అదే పాట రిపీట్ పెట్టడం... ఇవన్నీ ప్రీమియంలోకి వెళ్లిపోయాయి. పాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

"పాట వస్తోంది కదా, ఇంకేం కావాలి?" అంటారు కొందరు. ఒక్కసారి ఆలోచించండి. కీర్తన నేర్చుకునే అమ్మాయి చరణంలో ఒక సంగతి పట్టుబడేదాకా పదిసార్లు వెనక్కి వేసుకుంటుంది. తనకి రిపీట్, రివైండ్ సోకులు కావు, అదే పాఠం. పైగా ఫ్రీ అంటే ఊరికే ఇచ్చింది కాదు. మధ్యలో యాడ్స్ విన్నాం కదా, అదే మనం కట్టిన ధర. ధర అలాగే ఉంచి సరుకు తగ్గిస్తే ఎవరికైనా మండుతుంది.

అలాగని కంపెనీ వైపు న్యాయం లేదని కాదు. మనం వినే పాటలకి హక్కుదారులకి డబ్బు కట్టాలి. యాడ్స్ మీద వచ్చేది, సబ్‌స్క్రిప్షన్ మీద వచ్చేదానికంటే చాలా తక్కువ. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై ఇక్కడికి వచ్చినప్పుడు గానా, జియోసావన్, వింక్ అన్నీ పోటీలో ఉన్నాయి. జనాన్ని లాగాలంటే చెయ్యి జారవిడవాల్సిందే. తర్వాత సీన్ మారింది. 2022లో గానా పెయిడ్ వైపు మళ్లింది. 2024లో రెసో, వింక్ మూతపడ్డాయి. పోటీ తగ్గేకొద్దీ ఫ్రీలో దొరికేవీ తగ్గుతాయి. ఇది మార్కెట్ లెక్క.

ఇప్పుడు ఇంజినీర్‌గా ఒక మాట. ఇలాంటప్పుడు కోడ్ డిలీట్ చేయరండీ. సాధారణంగా సర్వర్‌లో ఒక స్విచ్ ఉంటుంది, దాన్నే ఫీచర్ ఫ్లాగ్ అంటాం. మీ అకౌంట్ ఫ్రీనా, ప్రీమియమా అని చూసి, ఆ బటన్ పని చేయాలా వద్దా చెప్తుంది. అందుకే "యాప్ అప్‌డేట్ చేయకపోతే సరిపోతుంది" అనే చిట్కా చాలాసార్లు పనిచేయదు. కానీ ఇందులోనే ఒక ఆశ కూడా ఉంది. ఆఫ్ చేసిన స్విచ్‌ని మళ్లీ ఆన్ చేయొచ్చు. 2024లో ఫ్రీ యూజర్లకి లిరిక్స్ పరిమితం చేసినప్పుడు జనం గట్టిగానే అడిగారు. ఆ ఏడాదే ఆ పరిమితిని సడలించారు.

మరి మనం ఏం చేయాలి? మూడే మూడు పనులు.

ఒకటి, రివ్యూలో "వేస్ట్ యాప్" అని రాసి ఊరుకోకండి. ఏ పని ఆగిపోయిందో రాయండి. "రివైండ్ లేక పాట నేర్చుకోలేకపోతున్నా" అనే ఒక్క లైన్ ప్రొడక్ట్ టీమ్‌కి పనికొస్తుంది, తిట్టు పనికిరాదు.

రెండు, మీ ప్లేలిస్ట్‌లో పాటల పేర్లు బయట ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఏళ్ల తరబడి ఏరుకున్న లిస్ట్ అది, యాప్‌తోపాటు పోకూడదు.

మూడు, డబ్బు కట్టేముందు ఏ ఫీచర్ కోసం కడుతున్నారో చూసుకోండి. రోజూ వాడేదైతే కట్టండి, తప్పు లేదు. కానీ ఏడాదికి ఒకేసారి కట్టేముందు ఒక నెల వాడి చూడండి. ప్రాణంలా చూసుకునే పాటలు నాలుగు ఉంటే, వాటిని ఫైల్‌గా కొనుక్కునే దారి ఉందేమో వెతకండి. సబ్‌స్క్రిప్షన్ అంటే అద్దె ఇల్లు. గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ ఒప్పుకోవాలి.

సరే ఫ్రెండ్స్, మీ యాప్‌లో ఏ ఫీచర్ పోతే మీకు ఎక్కువ బాధేసింది? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!