రోగి పక్షమున మాటాడువారు

జూబిలీహిల్సు, ఫిలింనగరు అనగానే మనకు సినిమావారి మేడలు జ్ఞప్తికి వచ్చును. అపోలో ఆసుపత్రి 1988లో వెలసినదియు ఆ కొండలమీదనే. నేడు తారలేగాక మన పల్లెల రైతులును అచ్చటి వైద్యులకొరకు పోవుచున్నారు.

అక్కినేని నాగేశ్వరరావుగారు 2013 అక్టోబరులో పత్రికలవారిని పిలిచి, తమకు క్యాన్సరు కలదని తామే చెప్పిరి. 2014 జనవరి 22న కీర్తిశేషులైరి. మన యిండ్లలోనో, రోగికి దక్క ఊరందరికిని రోగము పేరు తెలిసియుండును!

ఆ ప్రాంతపు ఆసుపత్రి యొకదానిలో మా అన్నగారి కడుపులోని కణితికి శస్త్రచికిత్స నిశ్చయించి, నన్ను సంతకము చేయుమనిరి. కాగితము ఆంగ్లమున నున్నది. "రోగి తెలివిలోనే యున్నారు. దీనిలోని విషయము వారికే తెలుగున వినిపింపుడు" అంటిని. నర్సమ్మ ముఖము చిట్లించినది గాని, డాక్టరుగారు కూర్చుండి ఓపికతో వివరించిరి. అంతట అన్నగారు, "చేయించుకొననిచో ఏమగును?" అని యడిగిరి. ఈ ప్రశ్న మాకెవ్వరికిని తోచలేదు సుమండీ! "వ్యాధి ముదురును. కాని యొక వారము ఆలోచించుటకు వ్యవధి యున్నది" అని ఆయన బదులు చెప్పిరి.

2002 నాటి వైద్యవృత్తి నియమావళి ననుసరించి, రోగిగాని అతని తరఫువారుగాని కోరినచో చికిత్సాపత్రములను 72 గంటలలోపల ఈయవలయును. నోటిమాట చాలదు, అర్జీ వ్రాసి, అందినట్లు సంతకము పుచ్చుకొనుడు. నేనట్లే చేసితిని. మరునాటి సాయంకాలమునకు పత్రములు చేతికి వచ్చినవి. వానిని వేరొక వైద్యునకు చూపితిమి. ఆయనయు శస్త్రచికిత్సయే మేలనెను. అప్పుడు అన్నగారు కలము తీసికొని తామే సంతకము చేసిరి.