ఒక దినపు చట్టము - మన కర్తవ్యము



మన వార్షికసభలలో విద్యార్థివేతనములను గూర్చియు, వివాహసంబంధములను గూర్చియు ముచ్చటించుకొనుట పరిపాటి. నేరము, చెరసాల యను మాటలు ఈ వేదికపై కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను అమెరికాలో నివసించు మన కుటుంబముల క్షేమముగోరి వానిని ప్రస్తావింపక తప్పదు.

ఆ దేశమున నేరములకు శిక్షలు నిర్ణయించునవి చాలవఱకు రాష్ట్రములు. విదేశీయులను వెడలగొట్టు అధికారము కేంద్రప్రభుత్వమునది. ఈ రెండును కలియుచోటనే ముప్పున్నది. ప్రవేశించిన 5 సంవత్సరములలోపల నైతికపతనమును దెల్పు నేర మొక్కటి చేసి, దానికి సంవత్సరమో అంతకు మించియో శిక్ష విధింప వీలున్నచో, ఆ మనుష్యుని బహిష్కరింపవచ్చునని కేంద్రచట్టము చెప్పుచున్నది. విధించిన శిక్ష కాదు, విధింప వీలున్న శిక్ష! జుల్మానాతో బయటపడితినని సంతసించిన విద్యార్థియు నీ వలలో చిక్కవచ్చును.

కాలిఫోర్నియా రాష్ట్రము 2014లో దీనికొక విరుగుడు కనుగొనెను. చిన్న నేరముల గరిష్ఠశిక్షను 365 దినములనుండి 364కు తగ్గించెను. వాషింగ్టన్ రాష్ట్రము 2011లోనే యట్లు చేసియుండెను. న్యూయార్కు 2019లో ననుసరించెను. దొంగలపై దయ చూపిరని యాక్షేపించువారు గలరు. తగ్గినది ఒక్క దినమే గదా! నేరమునకు తగిన శిక్ష పడుచునేయున్నది. ఆలుబిడ్డలకు పడు శిక్ష మాత్రము తప్పుచున్నది. మనవారు వేలకొలది నివసించు టెక్సాసులోనో, ఎ తరగతి చిన్న నేరమునకు సంవత్సరము వఱకు శిక్ష నేటికిని గలదు.

"మేము చట్టబద్ధముగ వచ్చినవారము, మాకేమి?" యని పెద్దలు కొంద ఱనుచుందురు. హోసే పాడియా 40 సంవత్సరములకు పైగా నచట శాశ్వతనివాసి. వియత్నాము యుద్ధకాలమున అమెరికాసేనలో పనిచేసినవాడు. భయము లేదని వకీలు చెప్పగా నమ్మి నేరము నొప్పుకొని, బహిష్కారమునకు గుఱియగు స్థితికి వచ్చెను. ఒప్పుకోలువలన కలుగు నట్టి ఫలమును ముందుగ దెలుపుట వకీలు విధియని 2010లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ ఫల మెఱుగక ఒప్పుకొన్నవారు చెర వీడిన పిమ్మటనైనను తమపై తీర్పును రద్దు చేయుమని కోరుటకు కాలిఫోర్నియాలో 2017 నుండి వీలు గలదు.

భారతీయులకు పౌరత్వము చెల్లదని 1923లో ఆ సుప్రీముకోర్టే భగత్ సింగ్ థిండు వ్యాజ్యమున నిర్ణయించెను. 1946లో శాసనము మాఱెను గనుకనే నేడు మనవారచట ఓటు వేయుచున్నారు. ఆ ఓటున్నవారు తమ తమ రాష్ట్రశాసనసభ్యులను కలిసి ఈ ఒక్క దినపు సవరణను కోరవలయును. మన కులమువారికొఱకే యని కోరుట సిగ్గుమాట. తోటలలో పండ్లు కోయు మెక్సికో కూలివానికిని ఇదియే చట్టము.

వలసచట్ట మెఱిగిన వకీళ్ల కిచ్చుటకై మన సంఘమున నొక నిధి యుండవలయును. విద్యార్థివేతనము పుచ్చుకొని బయలుదేరు ప్రతి బిడ్డకును, నేరము నొప్పుకొనుటకు ముందు అట్టి వకీలు నడుగుమని చెప్పి పంపవలయును. దాతలు ఈ మధ్యాహ్నమే యీ తీర్మానమును చర్చకు గైకొందురని ప్రార్థించుచున్నాము.